కనురెప్పల మీది ఊదారంగు

“లేస్తావా, లేవవా!”

మూడో అంతస్తుకు వెళ్లే మెట్ల మీద ఆ గర్జన విని పక్కవాటాల తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. గర్జించినవాడు సామాన్యుడా! బడిలో మూడు వందల మంది పిల్లలను ఒక్క ఈలతో నిలబెట్టి, రెండో ఈలతో పరిగెత్తించగల డ్రిల్లు మాస్టారు! అంతటి వీరాధివీరుడి ఆజ్ఞను ధిక్కరించి నాలుగో మెట్టు మీద చతికిలబడ్డ శత్రువు... ఆయన ఏడేళ్ల కూతురు!

“కాళ్లు రావట్లేదు నాన్నా...”

“జడ వేసుకోమంటే చేతులు లేవవట, మెట్లెక్కమంటే కాళ్లు రావట!” పైనుంచి నాయనమ్మ ఎగదోసింది. “ఈ వేషాలన్నీ తల్లి నేర్పినవేరా అబ్బాయ్!”

చెంప ఛెళ్లుమంది! పిల్ల తల గోడకు కొట్టుకుంది. రెండో దెబ్బకు లేచిన చేతిని, వెనకే మెట్లెక్కుతున్న పిల్ల తల్లి ఒడిసి పట్టుకుంది... పట్టుకుని కొరికింది! పదేళ్ల కాపురంలో ఎదురుమాట ఎరగని ఆ ఇల్లాలు నోటికి నెత్తురు తగిలేదాకా వదల్లేదు! ఆయన విదిలించి తోశాడు. గోడ అంచు తగిలి ఆమె పెదవి చిట్లింది. ఆ పెదవితోనే పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. వెనకే, చేతికి రుమాలు చుట్టుకుంటూ ఆయన!

డాక్టరమ్మ పిల్లను నేలమీద కూర్చోబెట్టి లేవమంది. పిల్ల బోర్లా తిరిగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, తన తొడలనే నిచ్చెన చేసుకుని, తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టు లేచింది. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ల కణుపుల మీద ఎర్రటి గరుకు పొక్కులు...

“ఈ పిల్లను కొట్టిందెవరు?”

మాస్టారు రుమాలు చుట్టిన చెయ్యి ముందుకు చాచాడు. “నేనేనమ్మా! నెలరోజులుగా కొడుతూనే ఉన్నాను... ఆ కళ్లు అలా కమిలింది నా చేతివల్లే!”

“కళ్ల మీది రంగు దెబ్బ కాదు, జబ్బు. ఒంటిని కాపాడాల్సిన శక్తే కండరాల మీదా చర్మం మీదా తిరగబడినట్టుంది. పరీక్షలు చేసి ఖాయం చేసుకుందాం. స్టెరాయిడ్లు, వారానికో ఇంజక్షను పడతాయి. ముఖం ఉబ్బిందని మీ అంతట మీరు మందు ఆపొద్దు. ఎండ తగలనివ్వొద్దు. మింగడం కష్టమైతే క్షణం ఆగకుండా తీసుకురండి. కసరత్తు మేం చెప్పినంతే, మెల్లగా. చాలామంది పిల్లలు కోలుకుంటారు.”

“హమ్మయ్య! అయితే నావల్ల కాదన్నమాట!”

చిట్లిన పెదవి కదిలింది. “రంగు మీది కాదు. చెంప మీది వేళ్లు మీవే.”

డాక్టరమ్మ ఆ మాట కూడా కాగితం మీద రాసుకుంది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎత్తుకుందామని ఆయన చేతులు చాచాడు. “నాన్న వద్దు!” పిల్ల తల్లి మెడలో దూరిపోయింది. ఆయన ఎదుటి దుకాణానికి పరుగెత్తి గొడుగు తెచ్చాడు. ఇక చూడాలి ఆ ఊరేగింపు! ముందు మహారాణి, ఆమెను మోస్తున్న సింహాసనం, వెనక ఎండనంతా నెత్తిన పోసుకుంటూ ఛత్రధారి!

“అమ్మా, కాళ్లమీద ఎండ పడుతోంది... గొడుగు వంచమని చెప్పు.”

తల్లి చెప్పలేదు. గొడుగు వంగింది.