పడుకోబెట్టిన పుస్తకాలు

"ఈ పుస్తకాలు ఎవరు నిలబెట్టారండీ?"

ఒకేషనల్ కాలేజీ లైబ్రరీలో నర్సింగ్ ర్యాక్ ముందు నిలబడి కొత్త లైబ్రేరియన్ అడిగింది. గొంతు పెద్దది చేయలేదు, కానీ అందులో కంగారుంది.

ఆ పక్కనే పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న ఎలక్ట్రికల్ ల్యాబ్ సార్ ముఖం వెలిగింది. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

"నేనేనండీ. ఎవరో అన్నీ బోర్లా పడేశారు. మీరు వచ్చేలోగా సర్దేశాను."

గోడ మీద స్విచ్‌బోర్డు కాస్త వంకరగా కనిపిస్తే చాలు, స్క్రూడ్రైవర్ తీసే మనిషి. పైగా ఆమెతో మాట్లాడే ధైర్యం చాలక, "మా ఎలక్ట్రికల్ ర్యాక్ ఎప్పుడు చూస్తారండీ" అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని రోజూ ఇక్కడే తచ్చాడుతుంటాడు. చేతులు ఊరికే ఉండవు కదా.

"వాటిని పడుకోబెట్టింది నేనే."

"అంటే?"

"వీపు పైకి పెట్టి పడుకోబెడితే ఏరివేతకి అని గుర్తండీ. పాతబడినవీ, చిరిగినవీ, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనివీ. ప్రిన్సిపాల్ పెద్ద మేడమ్ వచ్చి చూసి సరేనంటేనే తీసేస్తాం. నర్సింగ్ టీచర్‌గారూ నేనూ కూర్చుని ఒక్కొక్కటీ తిరగేసి చూశాం. మీరేమో ఒక్క పూటలో అన్నిటినీ నిద్ర లేపేశారు."

వేరే రోజైతే ఇద్దరూ నవ్వుకునేవారే. కానీ ఆమె వేళ్లు ర్యాక్‌లో గబగబా దేనికోసమో వెతుకుతున్నాయి. ముఖం పాలిపోయింది.

"ఏం పోయిందండీ?"

"మందుల డోసుల పుస్తకం, పాత ఎడిషన్. చిన్నపిల్లల డోసు ఒకటి అందులో తప్పు పడింది. కొత్త ఎడిషన్‌లో దిద్దారు. బోర్లా ఉన్న పుస్తకం ముట్టకూడదని మా స్టూడెంట్లకి తెలుసు. నిలబెట్టి ఉంటే తీసుకుంటారు కదా. రేపటి నుంచి వాళ్లకి హాస్పిటల్ డ్యూటీ."

తను చేసిన పని వల్ల ఎక్కడో ఒక పసిబిడ్డకి ఏమవుతుందోనన్న ఆలోచన రాగానే అతను పేపరు పక్కన పడేసి ఆమెతోపాటు వెతకడానికి కదిలాడు.

బయట వాన మొదలైంది. ఆమె పక్కన నడిచే రోజు రావాలని అతను ఎన్ని కలలు కన్నాడో. తీరా వస్తే, ఇద్దరూ ఆ పుస్తకం కోసం ఒక్కో టేబులూ వంగి చూసుకుంటూ నడుస్తున్నారు.

కిటికీ దగ్గర ఓ నర్సింగ్ అమ్మాయి అదే పుస్తకం ముందేసుకుని శ్రద్ధగా రాసుకుంటోంది.

లైబ్రేరియన్ ఆమె పక్కన కూర్చుంది. "ఇది పాతదమ్మా. కొత్తది ఇస్తాను. ఇప్పటిదాకా ఏం రాసుకున్నావో చూపించు."

ఆ తప్పు డోసు కాగితం మీదికి ఎక్కనే ఎక్కింది, కింద గీత కూడా గీసి ఉంది. ఆమె దాన్ని కొట్టేయించి, కొత్త పుస్తకం తెరిచి, సరైనది దగ్గరుండి రాయించింది.

"పెద్ద మేడమ్ వచ్చే టైమైంది," అంది వరండాలోకి వచ్చాక. "నాది ఇంకా ప్రొబేషన్. ఆవిడ రాసే రిపోర్టు మీదే ఉద్యోగం ఉండడం, ఊడడం. ఏం చెప్పాలో తెలియట్లేదు."

"చేసింది నేను. నేనే చెప్తాను."

"ఆవిడంటే మీకు భయం లేదా?"

"మీకంటే ఎక్కువే ఉందండీ."

ఎందుకుండదు? పెద్ద మేడమ్ అతనికి స్వయానా మేనత్త. ఎత్తుకుని పెంచిన మనిషి. కాలేజీలో చుట్టరికం ఎత్తితే మాత్రం ఊరుకోదు. అందుకే ఆ సంగతి లైబ్రేరియన్‌కి కూడా తెలియదు.

అతను చెప్పిందంతా విని పెద్ద మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. అలా పెట్టిందంటే మూడిందని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"లైబ్రరీలో మీకేం పని సార్?"

"మా ర్యాక్ ఎప్పుడు చూస్తారో కనుక్కుందామని మేడమ్."

"రోజూనా?"

అతను తల దించుకున్నాడు. అబద్ధం చెప్తే ఆ తప్పు కాస్తా పక్కనున్న మనిషి నెత్తిన పడుతుంది.

"ఈవిడ కోసం వచ్చానత్తా. మాట్లాడదామని వస్తాను, భయమేస్తుంది. ఏం చెయ్యాలో తోచక పుస్తకాలు సర్దాను. ఇందులో ఈవిడ తప్పేం లేదు."

'అత్తా' అన్న మాటకి లైబ్రేరియన్ ఉలిక్కిపడింది. ఆ మిగతా మాటలకి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు లేకపోవడమేంటి," అంది పెద్ద మేడమ్ ఆమె వైపు తిరిగి. "ప్రమాదమున్న పుస్తకం ర్యాక్‌లో ఉండకూడదమ్మాయ్. తెలిసిన నిమిషంలో నా టేబుల్ మీదికి రావాలి."

"అవును మేడమ్. పొరపాటే."

"అయితే పుస్తకం లాక్కుని వచ్చేయలేదు. ఆ పిల్ల రాసుకున్నది కూడా దిద్దించావు. రిపోర్టు బాగానే రాస్తాను, భయపడకు." మళ్లీ అడిగింది. "అన్ని సబ్జెక్టుల వాళ్లనీ పిలిచి ర్యాకులు చూపించావు. ఎలక్ట్రికల్ వాళ్లని పిలవలేదేం?"



"పిలిస్తే ఆ పని అయిపోతుంది మేడమ్," అంది ఆమె నేల చూస్తూ. "ఆ తర్వాత ఆయన రారేమోనని భయమేసింది."

అతను తల ఎత్తాడు.

పెద్ద మేడమ్ కళ్లజోడు పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మీ అమ్మానాన్నలు నన్ను ఎప్పుడు రమ్మంటారో కనుక్కోమ్మా, సంబంధం మాట్లాడ్డానికి వస్తాను." తర్వాత మేనల్లుడితో, గొంతు తగ్గించి అంది. "వాళ్లేమంటారోనని నాకూ భయంగానే ఉందిరా. నువ్వు పక్కనే ఉండు."