పెరట్లో పాలకూర

మార్చి పద్దెనిమిది. ముద్దుగా పిట్ట అని పిలుచుకునే ఆ పిల్లాడు ఆ మధ్యాహ్నం తిన్నది పాలకూర తరిగి వేసిన గుడ్డట్టు, ఒక గ్లాసు పాలు, సగం నారింజపండు. మిగతా సగం వాడు నాన్న కోసం దాచాడు. ఇన్నేళ్లు గడిచినా వాళ్లమ్మకు ఆ కంచం కళ్లముందే ఉంటుంది. అట్టు అంచులు కొంచెం మాడాయి. వాడు ఆ మాడిన అంచులే ఇష్టంగా కొరుక్కుతిని, పచ్చటి ముద్దను బుగ్గన దాచుకుని, "మింగేశానమ్మా, చూడు" అంటూ నోరు తెరవబోయి దొరికిపోయాడు. ఆమె నవ్వుతూ వాడి బుగ్గ నొక్కి, ఆ ముద్ద గొంతు దిగేదాకా ఎదురుగా కూర్చుంది. మింగించింది... తన చేతులతో తనే మింగించింది.

అప్పుడే గుమ్మంలో గుడ్ల మేడమ్ గొడుగు మడిచిన చప్పుడైంది.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ పట్టలేదు. పాత బ్యాటరీలు విప్పి, సీసం కరిగించి, మళ్లీ పనికొచ్చేలా చేసే షెడ్లు ఆ వీధి చివరే ఉన్నాయి. అక్కడి పిల్లల ఒంట్లో సీసం చేరుతోందని తేలింది. ఇనుము, కాల్షియం బాగా ఉన్న తిండి వేళకు పెడితే ఒంటికి పట్టే సీసం ఎంత తగ్గుతుందో చూడమని ఒక పరిశోధన సంస్థ ఆవిడను పంపింది. ఆవిడ వారం వారం గుడ్లు, పాలపొడి పంచేది. ఏమేం పండించుకుని తినాలో చెప్పేది. కొన్నాళ్లకొకసారి పిల్లల చేతి నుంచి రక్తం తీసుకెళ్లేది. రక్తం మేడమ్ అంటే పిల్లలు పారిపోతారని తల్లులే గుడ్ల మేడమ్ అన్నారు. ఆవిడ ఆ పేరుకే పలికేది.

"రిపోర్టు వచ్చిందమ్మా" అంటూ ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. "వీధిలో పిల్లలందరికీ తగ్గింది. కొందరికి కొంచెం, కొందరికి బాగా. పిట్టకు మాత్రం పెరిగింది."

వాడికి ఆరేళ్లు. కిందటేడు తన పేరు తానే గుండ్రంగా రాసుకునేవాడు. ఇప్పుడు సగం రాసి, తర్వాత అక్షరం ఏమిటో గుర్తురాక, పెన్సిల్ పట్టుకుని గోడవైపు చూస్తూ ఉండిపోతున్నాడు. పొట్ట నొప్పి అంటాడు. ఉన్నట్టుండి ఏడుస్తాడు.

"ఇలాగే పెరిగితే మెదడు దెబ్బతింటుంది. ఒకసారి పోయింది మళ్లీ రాదు" అంది మేడమ్, మాట తగ్గించి. "ఏమీ అనుకోకండి, అడగక తప్పడం లేదు. మేమిచ్చే తిండి వీడే తింటున్నాడా?"

ఆమె నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి అత్తగారి గొంతు వచ్చింది.

"అడగండి మేడమ్, గట్టిగా అడగండి. గుడ్లు వచ్చిన మర్నాడే దీని చెల్లెలు వస్తుంది. వట్టి చేతులతో వచ్చి, సంచీతో వెళ్తుంది."

"అది కుట్టడానికి తీసుకెళ్లే గుడ్డల సంచి అత్తయ్యా..."

"నీ మాట వింటే నిజమే అనిపిస్తుంది. వాడి ఒళ్లు చూస్తే కాదనిపిస్తోంది. ఏం చెయ్యమంటావ్?"

గుడ్ల మేడమ్ తలవంచుకుంది. కోడలికి తల కొట్టేసినట్టయింది. తన వాటా కూర కూడా వాడికే వేసి తను ఉప్పు నంజుకుని తిన్న పూటలు ఎన్నని చెబుతుంది? చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు?

సాయంత్రం భర్త వచ్చాడు. ఆయన షెడ్డులో బ్యాటరీలు విప్పే పని చేస్తాడు. పనిబట్టలు అక్కడే విడిచి, సబ్బుతో తలారా స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుంటే తప్ప ఇంటికి బయల్దేరడు. ఆ జాగ్రత్తలు నేర్పినవాళ్లే మెచ్చుకునేంత శ్రద్ధ. కొడుకు పరిగెత్తుకొస్తే, "ఆగాగు" అని గోళ్లు మరోసారి చూసుకుని అప్పుడు ఎత్తుకునేవాడు.

తల్లి చెప్పిందంతా విని, భార్య వంటింట్లో ఉండగా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఒక్క మాట అడగనా? మీ చెల్లెలికి కష్టంగా ఉందని... ఎప్పుడైనా ఒకటీ అరా..."

ఆమె కన్నీళ్లు కనబడకుండా పెరటి తలుపు తీసుకుని బయటికెళ్లింది. గోడవారగా వరసగా నల్ల డబ్బాలు, వాటినిండా పాలకూర. మేడమ్ ఆకుకూరలు పెంచుకోమన్న కొత్తలో ఆమె కుండీలు కావాలంటే, భర్త షెడ్డులో పగిలి పక్కన పడేసిన బ్యాటరీ డబ్బాలు తెచ్చాడు. సబ్బు పెట్టి, బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగాడు. అడుగున చిల్లులు పొడిచాడు. అత్తగారు అప్పుడు కూతురి పురిటికని వెళ్లి ఇంట్లో లేదు. ముగ్గురూ మోచేతుల దాకా మట్టి పూసుకుని విత్తనాలు చల్లారు. "మా దగ్గర ఏదీ వృథాగా పోదు" అన్నాడు ఆయన గర్వంగా. ఇంత చేసిన మనిషి ఆ మాట ఎలా అడగగలిగాడు? ఆమె వెక్కుతూనే లేత ఆకులు చూసి గిల్లుకుంది. రేపటి నుంచి ఇంకో గుప్పెడు ఎక్కువ పెట్టాలి.

మర్నాటి నుంచి అత్తగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకుంది. గుడ్డు ఉడికినప్పటి నుంచి కంచం ఖాళీ అయ్యేదాకా కన్నార్పదు. చెల్లెలు రావడం మానేసింది. పాపం, ఎవరు చెప్పారో ఏమో! పోలీసు కాపలాలా ఉందని భర్త నవ్వబోతే ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. కాపలా కూర్చున్న మనిషి మాత్రం రోజురోజుకీ మెత్తబడింది. కోడలు బతిమాలి, కథలు చెప్పి, ఒక్కో ముద్దా తినిపించడం చూసింది. వాడు తోసేసిన పాలు ఆమె తాగకుండా మళ్లీ వేడి చేసి తేవడం చూసింది. ఒకరోజు ఉన్నట్టుండి, "నువ్వు తిన్నావా?" అంది. పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆమె వినడం అదే మొదలు.

తర్వాతి పరీక్షలో ఇంకా పెరిగింది. ఆ వారమే పిట్ట బడిలో కళ్లు తేలేసి పడిపోయాడు. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి పంపారు.

గుడ్ల మేడమ్ వచ్చేసరికి అత్తగారు తనే ఎదురెళ్లింది.

"ఇంక దీన్ని ఏమీ అనకండి. నా కళ్లతో చూశాను. ఒక్క మెతుకు పక్కకు పోలేదు. మా కోడలు అబద్ధం చెప్పలేదు... నేనే తప్పు చూశాను."

ఆ మాటకు కోడలికి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ల నింద పోయింది. మరి బిడ్డ?

"అయితే ఈ ఇంట్లోనే ఎక్కడో ఉంది" అంటూ మేడమ్ లేచింది. తాగే నీళ్లు, పాల గిన్నె, గోడ రంగు, అన్నీ చూసింది. చివరికి పెరటి తలుపు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

పిట్ట చెంబుతో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. రోజూ సాయంత్రం ఆ పని వాడిదే. "తాగండమ్మా, తాగండి" అంటూ ఒక్కో డబ్బాకూ ఒక్కో చెంబు.

"ఇవి... బ్యాటరీ డబ్బాలు కదూ?" అంది మేడమ్. "ఈ ఆకులేనా వాడికి పెట్టేది?"

"ఇవే మేడమ్. వాడికొక్కడికే. ఈమధ్య రెండు పూటలా పెడుతున్నాను" అంది ఆమె. ఆ మాట తన చెవులతో తనే విన్నాక, పరుగున వెళ్లి వాడిని ఆ డబ్బాల దగ్గర్నుంచి ఎత్తుకుంది.

ఆకులూ మట్టీ పరీక్షకు వెళ్లాయి. ఫలితం చెప్పడానికి మేడమ్ వచ్చిన సాయంత్రం అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఎంత రుద్దినా డబ్బాల లోపలి గాడుల్లో, పగుళ్లలో సీసం మిగిలిపోయిందని, అది మట్టిలోకి దిగి, ఆకుల్లోకి ఎక్కిందని ఆవిడ మెల్లగా చెప్పింది. ఆకుకూరలు పెంచమన్నప్పుడు దేంట్లో పెంచుతారని తనూ అడగలేదని, అది తన తప్పేనని కూడా అంది. తర్వాత రిపోర్టులో రాయడానికి అడగాల్సింది అడిగింది.

"ఈ డబ్బాలు ఇంట్లోకి ఎలా వచ్చాయి?"

"నేనే..." అన్నాడు భర్త. తన అరచేతులు తిప్పి చూసుకుంటున్నాడు. రోజూ సబ్బుతో తోముకునే అరచేతులు!

"కాదు మేడమ్, కుండీలు కావాలని నేనే అడిగాను" అంది ఆమె.

"మీ ఇద్దరూ కాసేపు నోరుమూసుకోండి." అత్తగారు మంచం దిగి వచ్చి వాళ్లిద్దరి మధ్యా నిలబడింది. "రాసుకోండి మేడమ్. నేను తెమ్మన్నాను. డబ్బులు పోసి కుండీలు కొనడమెందుకు, మీ షెడ్డులో పడుంటాయిగా, తేరా అని నేనే పీకలమీద కూర్చున్నాను. నా పిసినారితనం. వీళ్లకేం తెలియదు."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. మేడమ్ ఆ మాటే రాసుకుని వెళ్లిపోయింది.

"అత్తయ్యా" అంది ఆమె వంటింట్లో, చాలా నెమ్మదిగా. "అప్పుడు మీరు ఊళ్లోనే లేరు కదా?"

"లేనా? ఏమో. ముసలి బుర్ర, ఏం గుర్తుంటుంది?" అత్తగారు గిన్నెలు సర్దుతూనే ఉంది. "చూడమ్మాయ్. మీరిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ ఇంకా ఎన్నో ఏళ్లు బతకాలి. చూసినప్పుడల్లా ఆ డబ్బాలే కనిపిస్తే వీడినెవరు పెంచుతారు? నా మీద పడెయ్యండి. నాకు మొయ్యడం అలవాటే."

ఆమె ఆ ముసలి భుజం మీద తల ఆనించింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఏడ్చారో చెప్పడం కష్టం.

భర్త మర్నాడు డబ్బాలను మట్టితో సహా మూటలు కట్టి మేడమ్ వాళ్ల బండిలోకి ఎక్కించాడు. షెడ్డు పక్కన ఇలా పడి ఉన్న డబ్బాలన్నిటినీ ఎవరూ ఇంటికి పట్టుకెళ్లకుండా యంత్రంలో వేసి ముక్కలు చేయించాడు. వీధిలో ఇల్లిల్లూ తిరిగి, ఏం జరిగిందో దాచకుండా చెప్పాడు. ఏదీ వృథాగా పోదన్న మాట మాత్రం ఆయన నోట మళ్లీ ఎవరూ వినలేదు.

మందులతో, మంచి తిండితో పిట్ట ఒంట్లో సీసం మెల్లమెల్లగా దిగింది. పొట్ట నొప్పి పోయింది. చెల్లెలు మళ్లీ రావడం మొదలుపెట్టింది. అత్తగారే ఎదురెళ్లి సంచి అందుకునేది. పిట్ట పేరులో రెండో సగం మాత్రం తిరిగి రాలేదు. మొదటి సగమే మళ్లీ మళ్లీ గుండ్రంగా రాసి, "బాగుందా అమ్మా?" అని చూపించేవాడు. చాలా బాగుంది నాన్నా అనేది ఆమె. నిజంగా బాగుండేది కూడా.

ఇంకొకటి కూడా వాడికి గుర్తుండేది కాదు. మొక్కలు తీసేశామని ఎన్నిసార్లు చెప్పినా, పొద్దు వాలగానే చెంబులో నీళ్లు పట్టుకుని పెరటి తలుపు తీసేవాడు. ఉత్త గోడ కేసి చూస్తూ అక్కడే నిలబడిపోయేవాడు. ఆ చూపు చూడలేక వాళ్లమ్మ కొంగు నోట కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

నానమ్మ మాత్రం లేచి వాడి పక్కకు వచ్చేది.

"ఇవాళ వాటికి దాహం లేదట నాన్నా."

"నీకెవరు చెప్పారు?"

"అవే చెప్పాయి. రేపు చూద్దాంలే అన్నాయి."

వాడు కాసేపు ఆలోచించి, సరేనన్నట్టు తల ఊపేవాడు. ఆవిడ వాడి చేతిలో చెంబు తీసుకుని, నీళ్లు తొణకకుండా పక్కన పెట్టి, వాడు లోపలికి వెళ్లేదాకా ఆగి, పెరటి తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసేది.