వానొస్తే మూసే గొడుగు

వాన మొదలవగానే గొడుగు మూసేసే మనుషులు ఈ భూమ్మీద ఉంటారని ఆ రోజుదాకా నాకు తెలియదు. తెలిశాక మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మాది టెంట్లు కుట్టే పని. కుట్టేది నేను. వ్యాన్ నడిపేది, నన్ను తిట్టేది మా అక్క. ఆ రోజు ఒక సర్కస్ కంపెనీకి కొత్త టెంటు పైకప్పు తీసుకెళ్తున్నాం. ఎర్ర చారల మీద పసుపు నక్షత్రాలు, మూడు వారాలపాటు మోకాళ్ళ మీద కూర్చుని నేనే వేశాను. రంగు మీద మైనం పూత ఇంకా పడలేదు. సర్కస్ వాళ్ళ మైదానంలో పరిచి పూయాలి. అందాకా ఒక్క జల్లు తగిలినా నక్షత్రాలన్నీ చారల్లో కలిసిపోతాయి. లోపల పట్టక ఆ గుడ్డని వ్యాన్ పైన కట్టాం.

సగం దారిలో ఆకాశం నల్లబడింది.

"పట్టా కప్పరా," అంది అక్క.

"పట్టా నువ్వు పెట్టావుగా?"

"నేనెందుకు పెడతాను? నువ్వు పెట్టావనుకున్నాను!"

టెంట్లు కుట్టేవాళ్ళమై ఉండి, కప్పడానికి గుడ్డ లేక దిక్కులు చూస్తున్నాం. అప్పుడు కనిపించింది రోడ్డు పక్కన బోర్డు. 'ప్రపంచంలోకెల్లా పెద్ద గొడుగు! ఇంకా నాలుగు కిలోమీటర్లే! ఆగి చూసి వెళ్ళండి!'

నిజంగానే గొడుగు. నాలుగంతస్తుల ఎత్తు. నల్లటి గుడ్డ, ఇనప ఊచలు, కింద నాలుగు లారీలు పక్కపక్కన ఆగేంత చోటు. దేవుడున్నాడు అనుకున్నాను. అక్క యాక్సిలరేటర్ తొక్కింది.

మేము వంద గజాల దూరంలో ఉండగా గొడుగు ముడుచుకోవడం మొదలుపెట్టింది.

నేను తల బయటికి పెట్టి అరిచాను. స్తంభం దగ్గర ఒక అమ్మాయి చున్నీ నడుముకి బిగించి, రెండు చేతులతో పెద్ద ఇనప చక్రం తిప్పుతోంది. వ్యాన్ ఆగకముందే దూకాను.

"ఏవండీ! ఏం చేస్తున్నారు?"

"కనబడట్లేదా? గొడుగు మూస్తున్నాను."

"వాన పడుతోందండీ!"

"అందుకేగా మూస్తున్నాను."

ఆ అమ్మాయి మొహం మీద చినుకులు జారుతున్నాయి. పెద్ద కళ్ళు. ఆ కళ్ళలో ఇంత కూడా పశ్చాత్తాపం లేదు.

"గొడుగులు ఎందుకుంటాయో తెలుసాండీ మీకు?"

"తెలుసు. వానతో గాలొస్తుందని, గాలొస్తే ఊచలు తిరగబడతాయని కూడా తెలుసు. పక్కకి తప్పుకోండి, గుడ్డ మీద పడుతుంది."

పడింది. గుడ్డ కాదు, వాన. అయిదు నిమిషాల్లో నా నక్షత్రాలు పసుపు నీళ్ళయి వ్యాన్ అద్దం మీద కారాయి. ఆ అమ్మాయి అది చూసింది, వ్యాన్ మీద మా టెంట్ల బోర్డూ చూసింది.

"టెంట్లు కుట్టేవాళ్ళా? కప్పుకోడానికి గుడ్డ లేదా?" అంది.

ఇక ఊరుకుంటానా? రోడ్డు పక్కన రోడ్ల శాఖ వారి ఫిర్యాదుల పెట్టె కనిపించింది. వ్యాన్‌లో కూర్చుని రెండు పేజీలు రాశాను. అక్క పక్కనుంచి మాటలు అందించింది. సంతకం పెట్టి, ఆ అమ్మాయి చూస్తుండగా పెట్టెలో వేశాను.

"తప్పుల్లేకుండా రాశారా?" అని అడిగింది, జడ పిండుకుంటూ.

సర్కస్ మైదానంలో పది రోజులు మళ్ళీ నక్షత్రాలు వేశాను. ఒక్కో నక్షత్రానికి ఒకసారి ఆ అమ్మాయి గుర్తొచ్చేది. కోపమే. కోపం కాకపోతే మొహం అంత స్పష్టంగా ఎందుకు గుర్తుంటుంది?

తిరుగు ప్రయాణం రోజున నేను తల దువ్వుకుంటుంటే అక్క టెంటు గుమ్మంలో నిలబడి చూసింది. "కోపమొచ్చినవాడు అద్దం ముందు అంతసేపు నిలబడడురా," అంది.

"దారిలో టీ తాగడానికి ఆగుదాం," అన్నాను.

"గొడుగు దగ్గర టీ ఎవడమ్ముతాడు?"

"నువ్వు ఆపవే బాబూ!"

ఆపింది. ఆ రోజు ఎండ కాస్తోంది, గొడుగు తెరిచే ఉంది. స్తంభానికి ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. దాని కింద స్టూలు మీద ఒక పెద్దాయన తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి నన్ను చూడగానే చేతిలో చీపురు కింద పడేసింది.

"వచ్చారా ఫిర్యాదు గారూ! చూసి సంతోషించి వెళ్దామనా?"

"ఏం చూసి?"

"చదవండి. మీ రాత పుణ్యమే!"

చదివాను. దారిన పోయేవాళ్ళకి ఎండావానల్లో నీడనిస్తుందన్న షరతు మీద రోడ్ల శాఖ వారు ఆ జాగా ఇచ్చారట. వానలో గొడుగు మూస్తున్నారని ఫిర్యాదు అందిందట. పన్నెండు రోజుల్లో ఇంజినీరు వస్తారు, వానలో అది తెరిచి నిలబడకపోతే పీకించేస్తారు.

"మా నాన్న నలభై ఏళ్ళు గొడుగులు బాగుచేశారు," అంది ఆ అమ్మాయి. "ఆఖర్న తన చేత్తో ఒక్కటి, లోకమంతా చూసేది కట్టాలనుకున్నారు. మూడేళ్ళు పట్టింది. ఈ కాగితం వచ్చినప్పట్నుంచి సరిగ్గా తిండి తినట్లేదు."

"నాకు తెలీదండీ..."

"తెలీకుండానే రెండు పేజీలు రాశారా?"

నిజంగా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైకి చూశాను. చూస్తూ ఉండిపోయాను. కుట్టు అద్భుతం. నేనింత కాలం పని చేస్తున్నా అలాంటి కుట్టు వేయలేను. కానీ కొస దాకా గుడ్డ బిగుతుగా, ఎక్కడా సందు లేకుండా ఉంది.

"బాబాయ్ గారూ," అన్నాను పెద్దాయన దగ్గరికెళ్ళి, "దీనికి పైన..."

అక్క నా మోచెయ్యి గిల్లింది. "బాబాయ్ ఏంట్రా? ఆయన కూతురు నీకు చెల్లెలవుతుంది. అంకుల్ అని చావు."

"అంకుల్, దీనికి పైన చిల్లు పెట్టాలి."

పెద్దాయన తలెత్తాడు. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఏమన్నావ్?"

"చిల్లండీ. గాలి లోపలికొచ్చి బయటికి పోయే దారి లేకే ఊచలు తిరగబడుతున్నాయి. మేం పెద్ద టెంట్లకి..."

"నలభై ఏళ్ళు!" అని అరిచాడు. "నలభై ఏళ్ళు ఈ చుట్టుపక్కల గొడుగులన్నిటికీ చిల్లులు పూడ్చాను! నా గొడుగుకి నన్నే చిల్లు పెట్టమంటావా? చిల్లున్న గొడుగుని ఏమంటారో తెలుసా? చెత్తంటారు!"

"పైన చిన్న టోపీలా ఇంకో గుడ్డ కప్పుతామండీ. సందులోంచి గాలి పోతుంది, నీళ్ళు రావు."

"అమ్మా, నా కత్తెర దాచెయ్!" అన్నాడు కూతురితో. "వీడి చేతికి అందనివ్వకు!"

చిల్లు మాట తీసిన నా నోటిని నేనే తిట్టుకున్నాను. అయినా కదల్లేదు. అక్క నడుమ్మీద చేతులు పెట్టుకుని, "నువ్వు పెట్టిన చిచ్చు నువ్వే ఆర్పు. ఆర్పేదాకా నేను బండి తియ్యను," అంది.

మర్నాడు ఊళ్ళోకెళ్ళి రెండు మామూలు గొడుగులు తెచ్చాను. ఒకదానికి కొసన చిల్లు పెట్టి, పైన టోపీ కుట్టాను.

"ఇవి చెరో చేత్తో పట్టుకుని వ్యాన్ వెనక మెట్టు మీద నిలబడాలి," అన్నాను ఆ అమ్మాయితో.

"నేనా? ఎందుకు?"

"మీ నాన్నగారు నా చేతుల్ని నమ్మరు. మీ చేతుల్ని నమ్ముతారు."

కాసేపు నా వంక కోపంగా చూసి, వ్యాన్ ఎక్కింది. నేను పక్కన తలుపు గొలుసు పట్టుకుని నిలబడ్డాను. అక్క వ్యాన్‌ని విమానంలా పోనిచ్చింది. పెద్దాయన రోడ్డు పక్కన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆయన ముందునుంచి వెళ్తుండగా చిల్లు లేని గొడుగు టప్పుమని తిరగబడింది. చిల్లున్నది నిలబడింది. ఆ అమ్మాయి పట్టు తప్పి, తిరగబడిన గొడుగు వదిలేసి నా భుజం పట్టుకుంది.

"బ్రేకు వెయ్యమనండి!"

"మీరు భుజం వదిలితే అక్కని పిలుస్తాను."

"వదలను. పడిపోతాను. అలాగే పిలవండి!"

నేను పిలవడం కాస్త ఆలస్యం చేసిన మాట వాస్తవం.

పెద్దాయన కూతురి చేతిలోంచి చిల్లున్న గొడుగు లాక్కుని, తిప్పి తిప్పి చూశాడు. ఆఖరికి, "చిల్లు అంచు ఎవడు కుట్టాడు? ఇదేం కుట్టు? పిల్లి పీకినట్టుంది!" అని విసుక్కున్నాడు. కత్తెర అడిగి తీసుకున్నాడు.

నిచ్చెనెక్కి మొదటి కోత ఆయనే వేశాడు. కోసేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. కింద నిచ్చెన పట్టుకున్న కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత తొమ్మిది రోజులు ముగ్గురం కుట్టాం. నా కుట్లు సగం ఆయన విప్పించి మళ్ళీ వేయించాడు. ఆ అమ్మాయి సూదికి దారం ఎక్కించి ఇస్తూ, "దారం కూడా మేమే ఎక్కించాలి, ఫిర్యాదులు మాత్రం ఆయనే రాసుకుంటారు," అనేది.

ఇంజినీరు గారు చెప్పిన రోజుకే వచ్చారు. ఎండ ఫెళఫెళలాడుతోంది. కుర్చీ వేసుకుని, "సాయంత్రందాకా చూస్తాను. వాన రాకపోతే చేసేదేం లేదు," అన్నారు. కోరుకోనప్పుడు ఊరంతా ముంచే వాన, కోరుకున్న రోజున మొహం చాటేసింది. ఆకాశం వంక చూసి తిట్టని తిట్టు లేదు నేను.

నాలుగు గంటలకి గాలి లేచింది. మట్టి వాసన వచ్చింది. రోడ్డు మీద వెళ్ళే బళ్ళు ఒక్కొక్కటే గొడుగు కిందికి దూరాయి. మొదటి చినుకు పడగానే ఆ అమ్మాయి చేతులు అలవాటు కొద్దీ చక్రం మీదికి పోయాయి.

వాటి మీద నా చేతులు వేశాను. "వద్దండీ."

"తిరగబడితే?"

"నన్ను తిట్టండి."

"తిట్టడానికి మీరుండాలిగా! రేపు వ్యాన్ ఎక్కి పోతారు!"

"పోను."

"ఎన్నాళ్ళుంటారు?"

"మీ తిట్లు అయిపోయేదాకా."

"అవి ఇప్పట్లో అయిపోవు," అంది. చేతులు మాత్రం తీయలేదు.

గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. ఊచలు మూలిగాయి. గుడ్డ ఉబ్బింది, ఇంకా ఉబ్బింది. అంతలో పైన టోపీ కింద సందులోంచి గాలి ఈల వేసుకుంటూ బయటికి పోయింది. గుడ్డ సర్దుకుంది. గొడుగు నిలబడింది.

చుట్టూ కుండపోత. కింద నలభై మంది, రెండు లారీలు, మా వ్యాన్. పెద్దాయన గొడుగు నడిమధ్యకి వచ్చి, అరచేయి పైకి చాపి నిలబడ్డాడు. చెయ్యి పొడిగానే ఉంది. దాన్ని కూతురికి చూపించాడు. ఇంకోసారి చూపించాడు.

ఇంజినీరు గారు స్తంభం మీది కాగితం తనే పీకి జేబులో పెట్టుకున్నారు.

పెద్దాయన కళ్ళు తుడుచుకుని, చక్రం మీద ఇంకా కలిసే ఉన్న మా నాలుగు చేతుల్ని చూశాడు. గొంతు సవరించుకుని మా అక్కవైపు తిరిగాడు.

"ఏమ్మా, మీ తమ్ముడికి పెళ్ళయిందా?"

"ఎక్కడండీ! ఎప్పుడూ ఎవరో ఒకరితో పోట్లాటే. ఇలాంటి వాణ్ణి ఎవరు చేసుకుంటారు?"

"ఎందుకు చేసుకోరు?" అని గయ్యిమంది ఆ అమ్మాయి.

వాన చప్పుడులో కూడా అందరికీ వినబడింది. నలభై తలలూ ఇటు తిరిగాయి. లారీ డ్రైవర్లు బీడీలు ఆర్పి మరీ చూశారు. ఆ అమ్మాయి మొహం కందిపోయింది. కానీ తల దించుకోలేదు.

"ఏంటలా చూస్తారు అందరూ? ఆయనకేం తక్కువ? నేను చేసుకుంటాను!" అంది, ఎవరో కాదన్నట్టు కోపంగా.

ఎవరూ కాదనలేదు. నేను తల ఊపాను, పెద్దాయన నవ్వి ఇక చాల్లే అనేదాకా ఊపుతూనే ఉన్నాను.