మిగతా ముప్పై మంది

"ఐదేళ్ళలో నా కిడ్నీలు పోతాయని లెక్కకట్టింది మీరేనా?"

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరం ఆస్పత్రిలో రోగుల లెక్కలు చూసే అర్నెల్ తలెత్తాడు. గుమ్మంలో మారివెల్. గిమరాస్ దీవికి వెళ్ళే పడవల రేవులో టికెట్లు అమ్ముతుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే తిరగబడి, రక్తనాళాలు వాచి, ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి.

"నేను కాదండీ, ఫార్ములా."

"అయితే దాన్నే పిలవండి. మాట్లాడాలి."

పరీక్షకు తీసిన కిడ్నీ ముక్కలో రక్తాన్ని వడకట్టే జల్లెడలు బాగున్నవెన్ని, మచ్చకట్టిన భాగమెంత, కిడ్నీ ఎంతవరకు పనిచేస్తోంది, ఈ మూడూ కలిపితే స్కోరు అని ఓపిగ్గా చెప్పాడు. ఆమెలాంటి వందమందిలో డెబ్బై మందికి డయాలసిస్ తప్పలేదు.

"మిగతా ముప్పై మంది ఏం చేశారట?"

ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఎవరూ అడగలేదు.

"చూసి చెప్తాను."

మందు ఎక్కించుకోవడానికి వచ్చిన ప్రతి నెలా, ఆ ముప్పై మందిలో ఒకరి సంగతి వినడానికి ఆమె అతని గదికి వచ్చేది.

"ఇవాళ ఎన్నో మనిషి?"

"పంతొమ్మిదో మనిషి. కోళ్ళు పెంచేవాడు."

"నన్నూ పెంచమంటారా?"

"ఒకటో రెండో పెంచితే నష్టమేముంది?"

నిజానికి వాళ్ళ ఫైళ్ళన్నీ అతను రెండు వారాల్లోనే చదివేశాడు. రహస్యమేమీ దొరకలేదు. నెలకొకరి చొప్పున చెబితే ముప్పై నెలలు ఆమె వస్తుందని మాత్రం లెక్క తేలింది.

ఇరవై మూడో మనిషి దగ్గర మారివెల్ కిడ్నీలు మొరాయించాయి. డయాలసిస్ మెషీన్ పక్కన పడుకుని నవ్వింది.

"కంగ్రాట్స్. మీ ఫార్ములా గెలిచింది."

తన లెక్క తప్పనందుకు అర్నెల్ జీవితంలో మొదటిసారి ఏడ్చాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"జాలా?"

"కాదు. నెలకోసారి మిమ్మల్ని చూడ్డం నాకు చాలట్లేదు. ఆ ఫైళ్ళు కూడా ఎప్పుడో చదివేశాను."

"తెలుసు. పద్నాలుగో ఆయన్నే మర్చిపోయి ఇరవయ్యో ఆయనగా మళ్ళీ చెప్పారు. అబద్ధం ఆడ్డం కూడా రాదు మీకు." కళ్ళు తుడుచుకుంది. "మా నాన్నని అడగండి."

పడవ నడిపే ఆమె నాన్న క్రిస్పిన్ అతన్ని వాకిట్లోనే నిలబెట్టాడు.

"లెక్కలవాడివటగా. నా కూతురు ఎన్నాళ్ళుంటుందో చెప్పు."

అర్నెల్ చేతిలోని కంప్యూటర్ సంచీ కింద పెట్టాడు.

"తెలీదండీ."

ముసలాయన గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

"డాక్టర్లూ చుట్టాలూ, వచ్చినవాళ్ళంతా తెలుసన్నారు బాబూ. తెలీదన్నది నువ్వొక్కడివే. చెప్పులు విప్పి లోపలికి రా, చేప చల్లారిపోతోంది."