మోటారుకు తడి గోనె

ఛార్జర్ మీది ఎర్ర దీపం పచ్చగా మారే క్షణమంటే తేజస్వినికి భలే సరదా. పెళ్లయి కెలమంగలం పక్కనున్న ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి రోజూ తెల్లవారగానే, రఘునాథ్ ప్లగ్గు పీకేలోపు కాఫీ గ్లాసులతో వరండాలో అతని పక్కన చేరేది.

"మేసిందా మీ దూడ?" అంది అత్త కెంపమ్మ అటుగా పోతూ. "పాలియ్యదు, పేడ వెయ్యదు. కరెంటు మాత్రం కడుపారా తాగుతాది."

పట్టుపురుగులకు తోట నుంచి మల్బరీ ఆకు తేవడానికి రఘునాథ్ పాత మోపెడ్‌తో సొంతంగా చేసుకున్న మూడు చక్రాల బ్యాటరీ బండి అది. ఎండలు ముదిరాక మిట్ట ఎక్కుతూ రెండుసార్లు ఆగిపోయింది. మామ వెంకటరామప్ప తేల్చి చెప్పేశాడు: ఇంకోసారి ఆగితే బండి పాత ఇనుము అంగడికి, కొడుకు హోసూరు ఫ్యాక్టరీకి. అక్కడే గది, వారానికోసారి ఇల్లు. ఇక ఆ రెండో గ్లాసు ఎవరికివ్వాలి?

ఒకరోజు మళ్లీ ఆగింది. రఘునాథ్ తోసుకుంటూ వచ్చేసరికి ఆకు వాడిపోయింది. ఆకలిగొన్న పురుగులు తలలెత్తి ఊపుతున్నాయి. వేడి బ్యాటరీని చల్లారనిచ్చాకే ఛార్జింగ్ పెడుతున్నానని, మోటారుకు గాలి తగిలేలా చుట్టూ తెరిచే ఉంచానని అతను చెబుతూనే ఉన్నాడు. మామ వినకుండా ఇనుము అంగడికి ఫోన్ చేసి, రేపు రమ్మన్నాడు.

తేజస్విని గబగబా ఆకు దించి, బండి వెనక అడుగున చూసింది. మోటారు చుట్టూ ఎండిపోయిన గోనె, కమురు వాసన. దాన్ని కట్టిన పీలిక అత్త పాత చీర అంచు.

గోనె పట్టుకుని నేరుగా పురుగుల ఇంట్లోకి పోయింది. "బండి నచ్చకపోతే నోటితో చెప్పొచ్చు కదా అత్తా. ఇలా దొంగచాటుగా చంపాలా? చదువు లేకపోతే పోయింది, కొడుకు మీద ప్రేమైనా ఉండొద్దా?"

కెంపమ్మ చేతిలోని ఆకు జారిపోయింది.

"ప్రేమ లేకనే కట్టినానా? ఎండకు మోటారు కాలిపోతా ఉందని వాడే చెప్పినాడు. ఈడ పురుగులకు తడి గోనె కడితే సల్లగుంటాది కదా, దానికీ అంతే అనుకుంటిని. మీరు కాఫీ తాగేటప్పుడు బండి వెనక్కి పోయి కడతా ఉంటిని. మీ మామ చూస్తే నవ్వుతాడని, ఆకు దించినాక విప్పేస్తా ఉంటిని. ఈ పొద్దు గొడవలో విప్పలేకపోయినాను."

తేజస్విని తలెత్తింది. కిటికీలకు వేలాడే తడి గోనెల్లోంచి గాలి చల్లగా వస్తోంది. బిగించి కట్టిన గోనె వచ్చే గాలిని ఆపేసింది. మిట్ట చేరేలోపే ఎండి, మోటారు వేడిని లోపలే పట్టేసింది. అంతే జరిగింది. ఆ మాటే మెల్లగా చెప్పింది.

"అయితే వాణ్ని హోసూరుకు పంపేది నేనేనా?" అంది కెంపమ్మ.

తేజస్వినికి తానన్న మాట గుర్తొచ్చింది. కళ్లు నిండాయి. దగ్గరికి పోయి అత్త చెయ్యి పట్టుకుంది.

గుమ్మంలో అంతా విన్న వెంకటరామప్ప ఫోన్ తీశాడు. "రేపు రావద్దులేప్పా. దూడకు రోగమేమీ లేదంట. ఎండలో మా వాళ్లు కంబళి కప్పినారు."

మరునాడు బండి నిండా ఆకుతో మిట్ట ఎక్కి వాకిట్లో ఆగింది.

"అంత కరెంటు తాగి ఎక్కక ఏం చేస్తాది," అంది కెంపమ్మ చీదరగా. ఆకు దించగానే వెనక్కి పోయి, చేటతో మోటారుకు విసరడం మొదలుపెట్టింది.

తేజస్విని కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేట తేవడానికి లోపలికి పరుగెత్తింది.