ఎలీషా చెరువు దగ్గర ఏడ్చే దొర

బంటుమిల్లి దాటి సముద్రం వైపు నాలుగు కిలోమీటర్లు వెళ్తే ఎలీషా గారి చేపల చెరువు వస్తుంది. ముప్పై రెండెకరాలు. ఈమధ్య రాత్రి తొమ్మిది దాటాక ఆ కట్ట మీద బండి ఆపినవాడు లేడంటారు. అక్కడ దొర దెయ్యం ఉందట.

ఏ కాలం దొరో ఎవరికీ తెలీదు. బందరులో ఓడ దిగి, ఇటొచ్చి, ఎవరినో ప్రేమించి, ఆవిడ రాక... అలాగే పోయాడట. అందుకే ఇంగ్లీషులో ఏడుస్తాడు. మధ్యమధ్యలో తెలుగు కూడా మాట్లాడతాడట.

"చచ్చి ఇక్కడే వందేళ్లు ఉన్నాడు కదండీ, నేర్చుకుని ఉంటాడు" అని టీ కొట్టు సత్తిబాబు వివరణ.

ఇదేమీ తెలియకుండా గుడివాడ నుంచి ఆ చెరువుకి బయల్దేరినవాడు హేమంత్.

హేమంత్‌కి ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ పిల్లల కోసం ఇంగ్లీషు పాఠాల యాప్ ఒకటి సొంతంగా పెట్టాడు. ఎంత ఏడుపు పద్యాన్నైనా మార్కుల కింద విడగొట్టగలడు. పదిహేడో పాఠం, విక్టోరియా రాణి కాలం నాటి పద్యం. ఒకడు ఏటి రేవులో రోజూ రాత్రి దీపం పెట్టుకుని కూర్చుంటాడు. ఆమె రాదు. నీళ్లు గడ్డ కడతాయి. అయినా రాదు. పద్యం అయిపోతుంది. హేమంత్ లెక్కలో విషాదానికి నాలుగు, చలికి మూడు, దీపానికి రెండు, కవి పుట్టిన సంవత్సరానికి ఒకటి. మొత్తం పది.

పాఠం ఇరవై నాలుగు నిమిషాలు. పద్యం చదివేటప్పుడు గొంతు జీరబోయేలా చదివాడు. రెండు చోట్ల వెక్కాడు కూడా.

యాప్‌లో చేరినవాళ్లు ఆరువందల పన్నెండు మంది. ఒక్కొక్కరు విన్నది సగటున యాభై సెకన్లు. ఏ పాఠమైనా చివరిదాకా విన్నవాళ్లు... సున్నా.

"ఒక్కళ్లు చివరిదాకా విన్నా చాలు, నేను ఆపను బావా" అన్నాడు అక్క మొగుడు నాగబాబుతో.

"ఒకటో తారీఖు దాకా చూస్తాన్రా" అన్నాడు నాగబాబు. "తర్వాత వచ్చి నా ఎరువుల కొట్లో కూర్చో. యూరియా కోసం వచ్చినవాడు నువ్వేం చెప్పినా చివరిదాకా వింటాడు."

సిగ్గేసి హేమంత్ రెండు వారాలు లెక్కలే చూడలేదు. ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున ధైర్యం చేసి తెరిచాడు. గుండె ఆగినంత పనైంది.

ఒకే ఒక్క ఫోను. పదిహేడో పాఠం. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున ఐదు దాకా, మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా... ఇరవై సార్లు. అలా వరసగా పదకొండు రాత్రులు!

పేరు ఎలీషా. ఊరు బంటుమిల్లి. ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు.

'పాపం, ప్రేమలో గట్టి దెబ్బే తగిలినట్టుంది' అనుకున్నాడు హేమంత్. పొంగిపోయాడు. ఆ మనిషిని కళ్లారా చూడాలని సాయంత్రం బండి తీశాడు.

టీ కొట్టు దగ్గర ఆగి అడిగితే సత్తిబాబు గొంతు తగ్గించాడు.

"ఎలీషా గారు బందర్లో ఉంటారండీ. ఇక్కడున్నది ఆయన చెరువే. ఇప్పుడు వద్దండీ... దొర దెయ్యం లేచే టైమైంది."

"దెయ్యాలంటే నాకు నమ్మకం లేదండీ."

"నమ్మకం సంగతి సరే. ఇంగ్లీషు వచ్చా?"

"వచ్చు."

"అయితే అసలు వెళ్లకండి. మాకైతే అర్థం కాదు గాబట్టి బతికున్నాం."

హేమంత్ నవ్వి బండి పోనిచ్చాడు.

కట్ట మీద చీకటి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క తుమ్మ చెట్లు. బండి ఆపి లైటు ఆర్పాడు. నీళ్ల మీద నుంచి చల్లగాలి వచ్చింది.

ఆ గాలిలో... ఒక వెక్కు.

తర్వాత ఇంగ్లీషు. లాగి లాగి, గొంతు పూడుకుపోయి — "షీ విల్ నాట్ కమ్..."

హేమంత్ ఒళ్లు జలదరించింది. అది దొర గొంతు కాదు.

ఆ చీకట్లో, ఆ నీళ్ల మీద ఏడుస్తున్నది... తన గొంతే.

మొహం మీద టార్చి పడింది.

"ఎవరది?"

ఒక ముసలాయన. భుజాన కంబళి, చేతిలో కర్ర. కాపలా పున్నయ్య. ఆయన వెనక వెదురుకర్రకి కట్టిన మైకు, దానికి తగిలించిన ఫోను. ఏడుపు అందులోంచే.

"బావురు పిల్లులు బాబూ" అన్నాడు పున్నయ్య. "రాత్రిళ్లు చేపలు ఎత్తుకుపోతున్నాయి. హోయ్ హోయ్ అని అరిచి, రికార్డు చేసి పెట్టాం. మూడు రోజులకి అలవాటు పడిపోయాయి. డప్పులు పెట్టాం, వారం ఆగాయి. ఎలీషా గారి అమ్మాయి చదువుకునే ఫోన్లో ఇది దొరికింది... పదకొండు రాత్రులు! ఒక్క పిల్లి కట్టెక్కితే ఒట్టు. కొంగలు కూడా చెట్లు మారిపోయాయి."

హేమంత్ కట్ట మీద కూలబడ్డాడు.

"ఆ పాఠం చెప్పింది నేనే తాతా."

పున్నయ్య టార్చి హేమంత్ నోటి మీదే ఉంది. "మీరేనా! అంతా బాగానే చెప్పారంట గానీ, దీపం దగ్గర తప్పారు బాబూ."

"...ఏం తప్పాను?"

"దీపం ఆశకి గుర్తు అన్నారంట. ఆశ కాదండీ. ఆమె రాదని వాడికి తెలుసు. చీకట్లో కూర్చుంటే, వచ్చిందేమో, నాకే కనపడలేదేమో అని అనుమానం మిగులుద్ది. ఆ అనుమానం కూడా మిగలకూడదని దీపం పెట్టుకున్నాడు."

హేమంత్ ఆ పద్యం మీద తొమ్మిది గైడ్లు చదివాడు. ఒక్కదాంట్లో ఈ మాట లేదు.

"తాతా... మీరు విన్నారు! చివరిదాకా విన్నారు!"

"నేనా? తొమ్మిదేళ్లయింది బాబూ నాకు చెవులు పోయి. పెదాలు చూసి మాట్లాడతన్నా."

"మరి... ఈ మాట ఎవరు చెప్పారు?"

"ఆమె చెప్పింది."

"ఏ ఆమె?"

"రోజూ వచ్చి కట్ట మీద కూర్చుంటది, తడి చీరతో. టార్చి వేస్తే కనపడదు." కరెంటు వేళలు చెప్పినంత మామూలుగా చెప్పాడు. "చెవులు పోయాక నాకు వినపడింది ఆమె మాటొక్కటే బాబూ. కానీ చివరిదాకా వినదు. 'రెండు మార్కులు' అంటారంటగా, అక్కడ విసుక్కుని లేచిపోద్ది."

"ఇవాళ...?"

"వచ్చింది. మీ ఎడం పక్కనే."

హేమంత్ తల తిప్పలేదు. ఎడమ భుజం చల్లబడింది. బండి ముప్పై అడుగుల దూరంలో ఉంది. పరిగెడితే పది సెకన్లు.

మైకులో తన గొంతు హుషారుగా అంటోంది — "ఇప్పుడు దీపం... ఇది చాలా ముఖ్యమైన పాయింటు..."

తర్వాత వాక్యమేమిటో తనకి తెలుసు. అది వస్తే ఆమె లేచిపోతుంది. మళ్లీ సున్నా.

మైకు వైరు లాగేశాడు.

నిశ్శబ్దం. నీళ్ల చప్పుడు కూడా లేదు.

"ఆ దీపం..." అన్నాడు. "ఆ దీపం... ఆమె రాదని... వాడికి..."

ఆగిపోయాడు.

ఎడమ చెవికి ఆనుకున్నంత దగ్గరగా, తడి తడిగా —

"ఊఁ..."