మలుపు తిరగని కారు

రిమోట్ కారు నేరుగా దూసుకొచ్చి హేమ టిఫిన్ బాక్సును గుద్దింది. మూత ఊడి చిత్రాన్నమంతా తారురోడ్డు పాలైంది.

"ఏమప్పా, నీ కారుకు తిరగడం తెలీదా?"

"స్టీరింగ్ పూర్తిగా తిప్పినా. అదే తిరగలే," అన్నాడు వీరేష్.

"నా అన్నం మీదికి మాత్రం బాగా వచ్చినాది!"

వీరేష్‌ది ధర్మవరం, ఇంట్లో పట్టుమగ్గాలు. హేమది గార్లదిన్నెలో రైతు కుటుంబం. బోరు మోటార్ విప్పడం చిన్నప్పుడే నేర్చింది. ఇద్దరూ అనంతపురంలో ఇంజనీరింగ్ ఒకే క్లాసు. అయినా 2005లో ఆ మధ్యాహ్నం దాకా మాట్లాడుకోలేదు. అతనికి ధైర్యం లేదు, ఆమెకు తీరిక లేదు.

హేమ కారు ముందుభాగాన్ని అరచేత్తో నొక్కింది. అది కిందికి దిగనే లేదు.

"ముందర స్ప్రింగులు ఇంత బిగించినావేం?"

"బిగువుగా ఉంటే మంచిది గదా! మగ్గం మీద పడుగు దారాలు రోంత వదులైతే మా నాయన ఊరుకోడు."

"ఇది చీర కాదప్పా, కారు. మలుపులో బరువు ముందరికి రావల్ల. ముందు టైర్లు తారును గట్టిగా పట్టుకుంటేనే తిరుగుతాది."

స్ప్రింగులు వదులు చేసి, టైర్లకంటిన దుమ్ము తడిగుడ్డతో తుడిచింది. ఈసారి కారు వయ్యారంగా తిరిగింది. వీరేష్ చూసింది మాత్రం కారును కాదు.

కాలేజీ ఫెస్టు రేసుకు ఇద్దరూ ఒక టీం అయ్యారు. అతను నడపాలి, ఆమె మలుపు దగ్గర నిలబడి, కారు బోల్తా పడితే లేపాలి. రోజూ సాయంత్రం ప్రాక్టీసు, ప్రాక్టీసు కంటే ఎక్కువ పోట్లాట. అంతా బాగుందనుకుంటుండగా, క్లాస్‌మేట్ శ్రీకాంత్ హేమను తన టీంలోకి పిలిచాడన్న వార్త వీరేష్ చెవిన పడింది. ఆమె ఏమందో అడిగే ధైర్యం మళ్ళీ లేదు.

రేసు రోజు పొద్దున ట్రయల్లో కారు మలుపు మాట మరచి కాలువలో పడింది.

హేమ దాన్ని తీసి ముందుభాగం నొక్కింది. మొహం ఎర్రబడింది.

"మళ్ళీ బిగించినావు! నా మాట మీద నమ్మకం లేనప్పుడు నన్నెందుకు పిలిచినావు? నువ్వే నడుపుకో, నువ్వే లేపుకో."

విసవిసా నడిచి వెళ్ళిపోతోంది. వీరేష్ ఆమె వెనకాలే పోయాడు. రేసు పోతే పోయింది, ఈ పిల్ల పోతే తట్టుకోలేడు.

"హేమా! నమ్మకం లేక కాదు. భయమేస్తే నా చేతులు ఊరికే ఉండవు. మగ్గాలింట్లో పుట్టినోన్ని, ఏదో ఒకటి బిగిస్తాంటా."

"రేసంటే అంత భయమా?"

"రేసంటే కాదు. నువ్వు శ్రీకాంత్ టీంలోకి పోతావని. నువ్వంటే ఇష్టం నాకు. చానా ఇష్టం."

మాటకు మాట అప్పజెప్పే హేమ మొదటిసారి తడబడింది. చున్నీ సర్దుకుని చెయ్యి చాపింది.

"స్క్రూడ్రైవర్ ఇట్లియ్యి. రేసు అయ్యేదాకా ముట్టుకోవద్దు."

సాయంత్రం కారు ఒక్క మలుపు కూడా తప్పలేదు. అయినా రెండో స్థానమే వచ్చింది. కప్పు శ్రీకాంత్ పట్టుకుపోయాడు. వీరేష్ అటు చూడకుండా మలుపు దగ్గరికి పరుగెత్తాడు.

"పొద్దున నేను చెప్పినదానికి నువ్వేమీ అనలే."

"పోయిన వారమే అన్నా గదా! వీరేష్‌ను వదిలిపెట్టి యాడికీ రానని, క్యాంటీన్‌లో అందరి ముందర శ్రీకాంత్‌కు చెప్పినా. కాలేజీకంతా తెలుసు, నీకొక్కనికే తెలీదు."

వీరేష్ కారును చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఇంగా నిలబడతావేం? పద, ఆకలైతాంది," అంటూ, అందరూ చూస్తుండగానే హేమ అతని చెయ్యి పట్టుకుంది.